పొగ కంటికి కనిపించేదాకా

కిందటి వారం మనం మిషను పిన్నిని వంటింట్లో తడిపిండి మూట ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. ఆవిడ ముఖంలో నవ్వు ఆగడం లేదు. ఆవిడ అంత సంతోషంగా ఉండటం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు. కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని, కొలతలు సరిగ్గా ఇవ్వనివాళ్ళను నోటితో దులిపేస్తూ, వీధి మొత్తానికీ మిషను పిన్నిగా బతుకుతున్న మనిషి. అలాంటిది ఆ రోజు పొద్దుటినుంచీ మిషనుకు గుడ్డ కప్పేసి, వచ్చినవాళ్ళందరికీ "రేపు రండమ్మా, ఇవాళ మా ఇంటికి మనుషులొస్తున్నారు" అని చెప్పి పంపేసింది.

వస్తున్నది కాబోయే వియ్యపురాలు. ఒక్కగానొక్క కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్ళోవాళ్ళందరినీ పైకీ కిందికీ తిప్పుతాడుగాని సొంత ఇంటికి మాత్రం మూడంతస్తులూ మెట్లే గతి. వాడు కళ్ళద్దాల షాపులో పనిచేసే పిల్లను ఇష్టపడ్డాడు. ఆ పిల్ల ఇంటికి వచ్చిన మొదటిరోజే పిన్ని చూపు పరీక్ష చేసి, "ఇన్నాళ్ళూ సూదిలో దారం ఎలా ఎక్కించారు అత్తయ్యా, అలవాటుమీదా?" అని నవ్వింది. ఆ నవ్వుతోనే పిన్ని పడిపోయింది. ఆడపిల్ల లేని కొంప. కొడుకూ మొగుడూ ఇద్దరూ మరలూ మేకులూ తప్ప మాట్లాడనివాళ్ళు. ఈ పిల్ల వచ్చి కూర్చుంటే ఇంటికి గొంతు వచ్చినట్టుండేది.

ఒక్క సంగతి మాత్రం మరిచిపోకూడదు. పిన్నికి ఒక చెల్లెలుంది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. తల్లి పోయిన రోజున, శవం ఇంకా ఇంట్లో ఉండగానే, పదిమందిలో చెల్లెలి చెంప పగలగొట్టింది పిన్ని. "ఇంట్లో ఉండమంటే టీ పొయ్యిమీద పెట్టేసి సినిమాకు పోయావు, అమ్మను చంపావు" అంది. మర్నాడు చెల్లెలు గుమ్మం దాటింది. అంతే, ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

ఇక ఆ సాయంత్రం సంగతి.

కొడుకు బస్టాండుకు వెళ్ళాడు, అత్తగారిని తీసుకురావడానికి. ముందుగదిలో పిన్ని మొగుడు, వాచీలు బాగుచేసే ఆయన, కంటికి భూతద్దం తగిలించుకుని ఒక పాత గడియారం పొట్ట విప్పుకుని కూర్చున్నాడు. పక్కన ఎప్పటి టార్చిలైటు. పెళ్ళికి ముందు ఆయన సినిమాహాల్లో చీకట్లో జనానికి సీట్లు చూపించే పని చేసేవాడు. పిన్ని తల్లికి ఆయనంటే సుతరామూ గిట్టేది కాదు. "ఆ టార్చిలైటు వెధవ మళ్ళీ మన వీధిలో తిరుగుతున్నాడేం?" అనేది. ఆ పాత వీధిలో ఆ పేరే ఆయనకు అంటుకుపోయింది. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. ఇంటి మెట్లమీద బల్బు మాడినప్పుడల్లా ఎవరొచ్చినా ఆయనే టార్చి పట్టుకుని ఎదురువెళ్ళి, "మెట్టుంది, చూసుకోండి... మెట్టుంది" అని హాల్లో అన్నట్టే అంటూ పైకి తీసుకొస్తాడు. వీధి పిల్లలు ఆ మాట అనుకరించి నవ్వుకుంటారు.

"అత్తయ్యా, మూటలో నీళ్ళు కారిపోయాయంటారా?" అంది వంటింట్లో సాయానికొచ్చిన అమ్మాయి, కాబోయే కోడలు.

లోపల నువ్వులు పెట్టి నీళ్ళలో ఉడికించే ఉండల కోసం ముందురోజు నానబోసిన జిగురుబియ్యం. పొద్దున్నే రుబ్బి, గుడ్డలో మూటగట్టి, మీద ఇస్త్రీపెట్టె బరువు పెట్టారు. పిన్ని ఇస్త్రీపెట్టె తీసి మూట విప్పింది. పిండి తెల్లగా, గట్టిగా, వేలు పెడితే దిగబడేలా ఉంది.

"కారిపోయాయి. ముందు లోపలి నువ్వులు వేయించుకుందాం. అవి చల్లబడి గట్టిపడాలి కదా."

"నేను వేయిస్తాను. మీరు కూర్చోండి. ఈ ఒక్క పనీ మా అమ్మ నాకు కొట్టి మరీ నేర్పింది."

"కొట్టిందా? నువ్వుల కోసమా?"

"ఇంకేం, గరిటెతోనే! నల్లనువ్వులు ఊరికే చిటపటలాడగానే దింపేశానని."

పిన్ని నవ్వుతూ పీట లాక్కుని కూర్చుంది. అమ్మాయి మందపాటి మూకుడు పెట్టి నల్లనువ్వులు పోసింది. గరిటె ఆపకుండా తిప్పుతోంది. కాసేపటికి గింజలు చిట్లడం మొదలుపెట్టాయి. కమ్మటి వాసన వంటిల్లంతా నిండింది. ఏ ఇంట్లోనైనా అప్పుడే దింపేస్తారు. అమ్మాయి దింపలేదు. పిన్ని కూడా దింపమనలేదు. ఆవిడకు అందులో వింతేమీ తోచలేదు. ఆవిడ కూడా ఎప్పుడూ అంత తొందరగా దింపదు. చిటపటలు తగ్గాయి. కమ్మటి వాసన కాస్తా ఘాటెక్కింది.

ముందుగదిలోంచి మొగుడు కేకేశాడు, ఏటా ఈ ఉండలు చేసినప్పుడు కేకేసినట్టే. "ఏదో మాడుతోందే!"

"మాడితే మాడనివ్వండి. మీరు మీ ముళ్ళు చూసుకోండి!" అని ఇక్కణ్ణుంచి పిన్ని.

అమ్మాయి కిసుక్కున నవ్వింది. నవ్వుతూనే వంగి, మూకుడు అంచుకు కన్ను దగ్గరగా పెట్టి చూసింది. సన్నటి నీలం పొగ ఒక దారప్పోగులా పైకి లేచింది. చటుక్కున మూకుడు దింపి నువ్వులు పళ్ళెంలో కుమ్మరించింది.

"పొగ కంటికి కనిపించేదాకా దింపకూడదు. వాసన మాట నమ్మకూడదు," అంది, చిన్నపిల్ల పద్యం అప్పజెప్పినట్టు.

పిన్ని నవ్వు ముఖంమీదే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయిన బొమ్మలా.

ఆ మాట ప్రపంచంలో ఒక్క మనిషిది. ఆ మనిషి పిన్ని తల్లి. పడుచుతనంలో వచ్చిన జ్వరానికి ఆవిడ ముక్కు చచ్చిపోయింది. పువ్వూ తెలియదు, పులిసినదీ తెలియదు. అందుకని నువ్వులు వేగాయో లేదో ముక్కుతో కాక కంటితో చూసేది. కంటికి పొగ కనిపించేసరికి ఎవరి ఇంట్లోనైనా అవి మాడిపోయినట్టే లెక్క. ఆవిడ పిల్లలిద్దరూ ఆ మాడు రుచే అసలు రుచి అనుకుని పెరిగారు. లోకంలో అందరివీ తీపి ఉండలైతే, ఆ ఇంటి ఉండలు తీపిలో ఓ చేదు జీర ఉన్న ఉండలు. పిన్ని పెళ్ళయి వచ్చాక మొగుడు ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆవిడ చెయ్యి అంతకంటే ముందు మూకుడు దింపలేకపోయింది.

"ఏంటి అత్తయ్యా, అలా చూస్తున్నారు? మరీ ఎక్కువయ్యాయా?"

"లేదు... లేదమ్మా. మీ అమ్మకు ఎవరు నేర్పారు ఇలా?"

"మా అమ్మమ్మ. ఆవిడకు ముక్కు పనిచేసేది కాదట పాపం. ఆవిడ అలా చేస్తే మా అమ్మా అంతే, మా అమ్మ కొడితే నేనూ అంతే. షాపుకు ఉండలు పట్టుకెళ్తే అందరూ 'మాడ్చేశావేంటే' అంటారు. మీరొక్కరే ఏమీ అనలేదు."

పిన్ని ఏమంటుంది? ఆ పిల్ల చెవి తమ్మె చూసింది. గరిటె పట్టుకున్న తీరు చూసింది. నవ్వేటప్పుడు కింది పెదవి కొరుక్కోవడం చూసింది. ఇన్నాళ్ళూ ముద్దొచ్చినవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే చెల్లెలివై కూర్చున్నాయి. కళ్ళద్దాలు పెట్టింది ఈ పిల్లే, ఆ అద్దాల్లోంచి కనపడింది మాత్రం ఇదా!

ఈ పిల్ల తనకు కోడలు కాదు. చెల్లెలి కడుపున పుట్టిన పిల్ల. తనను అత్తయ్యా అనాల్సిన నోరు కాదు, పెద్దమ్మా అనాల్సిన నోరు. అక్కాచెల్లెళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళే తప్ప ఇంకేమవుతారు? బస్టాండులో నిలబడి అత్తగారి కోసం ఎదురుచూస్తున్నవాడు ఈ పిల్లకు అన్న. ఈ పెళ్ళి ఆగాలి. ఎవరాపాలి? తను. ఏం చెప్పి ఆపాలి? తానెవరో చెప్పి ఆపాలి. చెబితే ఈ పిల్ల ఇంకోసారి ఈ గడప తొక్కుతుందా?

అమ్మాయి వేడి చల్లారిన నువ్వుల్ని మిక్సీలో వేసి తిప్పింది. చక్కెర, వెన్న వేసి కలిపి, గోలీలంత చుట్టి పళ్ళెంలో పేర్చి ఫ్రిజ్‌లో పెట్టింది. ఒక గోలీ పిన్ని నోట్లో పెట్టింది.

"సరిపోయిందా?"

తీపి కరిగింది. వెనకాలే చేదు మిగిలింది. అమ్మ చేతిదే. పిన్ని తల ఊపింది.

"మీ అమ్మమ్మ... ఎలా పోయారు?"

అడగకూడదని తెలుసు. అయినా నోరు ఆగలేదు.

అమ్మాయి పిండిలోంచి చిన్న ముద్ద తుంచి, బిళ్ళలా అదిమి, మరిగే నీళ్ళలో వేసింది. "అదో పెద్ద కథ అత్తయ్యా. గ్యాసు. పొయ్యిమీద టీ పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వస్తూనే ఉంది. ఆవిడకు వాసన తెలియదు కదా. మంచంమీద పడుకున్నావిడ పడుకున్నట్టే పోయింది." బిళ్ళ తేలింది. దాన్ని తీసి, వేడివేడిగానే పచ్చిపిండిలో వేసి, ఉఫ్ ఉఫ్ అంటూ పిసకడం మొదలుపెట్టింది. ఉడికిన ఆ ముద్ద కలిస్తేగాని పచ్చిపిండి సాగదు, ఉండ చుడితే పగిలిపోతుంది. "అందుకే మా ఇంట్లో అమ్మ నన్ను పొయ్యి దగ్గర్నుంచి అడుగు కదలనివ్వదు. టీ పెడితే పక్కనే కాపలా."

"ఇంట్లో ఎవరూ లేరా మరి ఆ రోజు?"

"అమ్మే ఉండాలి. ఉంది కూడా. మా పెద్దమ్మ అనే మహాతల్లి ఒకావిడ ఉందిలెండి. ఆవిడది బిస్కెట్ల ఫ్యాక్టరీలో పని. అమ్మమ్మను ఒక్కదాన్నీ వదలొద్దని చెల్లెలికి చెప్పి పనికి పోయేది."

మహాతల్లి. పిన్ని పిండిముద్ద ఒకటి చేతిలోకి తీసుకుంది, చేతులకు ఏదో ఒక పని కావాలి కనుక. ముద్దను అరచేతిలో గిన్నెలా వత్తి, నువ్వుల గోలీ లోపల పెట్టి, అంచులు మూసింది. మూసినచోటే పగిలింది. వేళ్ళలో తడి లేదు.

"ఎక్కడుందిప్పుడు ఆ పెద్దమ్మ?"

"ఎక్కడుంటే మనకేం? 'నేను చచ్చినా దానికి కబురు పంపొద్దు' అంటుంది అమ్మ. ఇంకేదైనా అడుగు చెబుతుంది. ఆవిడ పేరెత్తితే మాత్రం లేచి వెళ్ళిపోతుంది. ఈ కథ కూడా ఒకే ఒక్కసారి చెప్పింది, నాకు జ్వరమొచ్చి వాసన తెలియకుండా పోయినప్పుడు. ఏడుస్తూ చెప్పింది."

"ఎంతైనా... తల్లిని వదిలేసి సినిమాకు వెళ్ళకుండా ఉండాల్సింది కదమ్మా మీ అమ్మ."

అమ్మాయి చేతులు ఆగాయి.

"సినిమా ఏంటి అత్తయ్యా? సినిమా మాట నేనెక్కడ చెప్పాను?"

పిన్ని పళ్ళెం దగ్గరికి లాక్కుంది. "అదే... వయసులో ఉన్న పిల్ల కదా. సినిమాకో షికారుకో వెళ్ళి ఉంటుందనుకున్నాను."

"అచ్చం మా పెద్దమ్మలాగే అన్నారు!" అమ్మాయి నవ్వింది గాని ఆ నవ్వులో చిన్న నొప్పి ఉంది. "ఆవిడా ఇంతే. ఎక్కడికెళ్ళావే అని ఒక్క మాట అడగలేదట. అడిగితే చెప్పేది కదా! అమ్మ నోరు తెరవబోతే చెంపమీద కొట్టిందట. పదిమందిలో. ఆ తరవాత అమ్మ ఇంకెవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పి ఏం లాభం, కొట్టినావిడే అడగనప్పుడు?"

"మరి... ఎక్కడికి వెళ్ళింది?"

"ఫ్యాక్టరీకి! ఆ మహాతల్లి కోసమే! 'మీ అక్క చెయ్యి మిషనులో పడింది, రక్తం ఆగడం లేదు, పరిగెత్తు' అని కబురొచ్చింది. అమ్మ ఆ ఎండలో ఫ్యాక్టరీ దాకా పరిగెత్తింది. దారిలో చెప్పు తెగిపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. 'ఇక్కడెవరికీ ఏ దెబ్బా తగల్లేదమ్మాయ్' అన్నాడు. అమ్మ నమ్మకపోతే లోపలికి వెళ్ళి కనుక్కుని మరీ వచ్చాడట. పాపం ఆయనే తెగిన చెప్పుకు పెట్టెలు కట్టే నీలం తాడు కట్టి ఇచ్చాడు. తిరిగి ఇంటికొచ్చేసరికి వాకిట్లో జనం."

నీలం తాడు.

పిన్ని చేతిలోంచి ఉండ జారి పళ్ళెంలో పడింది. బిస్కెట్ల పెట్టెలు కట్టే ఆ నీలం ప్లాస్టిక్ తాడు ఆ ఫ్యాక్టరీలో తప్ప ఇంకెక్కడా కంటికి కనపడదు. రోజంతా దానితో పెట్టెలు బిగించి బిగించి పిన్ని వేళ్ళు కోసుకుపోయేవి. ఆ రోజు గుమ్మంలో నిలబడ్డ చెల్లెలి కాళ్ళు ఆవిడకు ఇప్పటికీ గుర్తే. దుమ్ముకొట్టుకున్న కాళ్ళు. చెప్పుకు చుట్టిన నీలం తాడు. చూసింది. కళ్ళారా చూసింది. సినిమాకు పోయిన పిల్ల కాలికి ఫ్యాక్టరీ తాడెందుకుంటుందని బుర్రకు తోచలేదు. తోచనివ్వలేదు. చెంపమీద పడ్డ చెయ్యి వెనక్కి రాదు కదా, అందుకని ఇన్నేళ్ళూ ఆ తాడును కంటిముందునుంచి పక్కకు నెట్టేస్తూనే ఉంది. కళ్ళద్దాల షాపులో ఒక అద్దం తీసి ఇంకోటి పెట్టి "ఇప్పుడు చెప్పండి, ఎలా కనిపిస్తోంది?" అన్నట్టు, ఆ రోజంతా ఒక్కసారి మారి కనిపించింది.

"ఎవరు... ఆ కబురు తెచ్చింది ఎవరు?"

అమ్మాయి నున్నగా చుట్టిన ఉండను వరసలో పెట్టింది. "ఎవడో సినిమాహాలువాడట. సీట్లు చూపించేవాడు. పేరు కూడా అమ్మకు గుర్తులేదు. 'టార్చిలైటు' అంటుంది, అంతే. 'ఆ టార్చిలైటు మాట నమ్మి పరిగెత్తాను' అంటుంది."

ముందుగదిలో గడియారం ఏదో గంట కొట్టింది. మరమ్మతుకొచ్చిన గడియారాలు, ఏదీ సరైన వేళకు కొట్టదు.

పిన్ని లేచింది. మరిగే నీళ్ళగిన్నె చూపించి, "ఉండలు ఒక్కొక్కటే వెయ్యి. అడుగంటకుండా గరిటె వెనకవైపుతో తిప్పుతూ ఉండు. తేలేదాకా అక్కణ్ణుంచి కదలకు" అంది.

"కదలను అత్తయ్యా. పొయ్యి దగ్గర మా ఇంట్లోవాళ్ళెవరూ కదలరు."

ముందుగదికీ వంటింటికీ మధ్య తలుపుంది. ఎప్పుడూ మూయని తలుపు. పిన్ని దాన్ని దగ్గరగా వేసింది. మొగుడు తలెత్తలేదు. టార్చి గడియారం పొట్టలోకి వేసి, పట్టకారుతో పళ్ళచక్రం ఏదో ఎత్తుతున్నాడు.

"ఏవండీ."

"ఊఁ."

"అమ్మ పోయిన రోజు మా చెల్లిని హాల్లో ఎక్కడ కూర్చోబెట్టారు?"

పట్టకారు ఆగింది. "ఇవాళ ఆ గోలెందుకే? మనుషులొచ్చే వేళ."

"చెప్పండి. 'మ్యాట్నీకి వచ్చింది, నేనే టార్చి వేసి సీటు చూపించాను' అన్నారు కదా. ముందు వరసా? వెనకా?"

"ఎప్పటి మాట? ఎవరికి గుర్తుంటుంది?"

"నాకుంటుంది. ఆ ఒక్క మాట పట్టుకుని దాని చెంప పగలగొట్టాను. గుర్తుండదా?"

"గోడవైపు అనుకుంటా. ఏదో ఓ సీటు."

"కాలికి మా ఫ్యాక్టరీ తాడు కట్టుకుని వచ్చి కూర్చుందా సినిమాకు?"

ఆయన భూతద్దం తీశాడు. తీయగానే ఆ కన్ను చిన్నదై, ముసలిదై కనపడింది. పట్టకారులో ఉన్న చక్రం బల్లమీద పడి, దొర్లి, కిందికి ఎటో పోయింది. ఎప్పుడైనా అయితే ఇల్లంతా పాకి వెతికేవాడు. ఇప్పుడు దానివైపు కూడా చూడలేదు.

"నీకెవరు చెప్పారు?"

ఎవరు చెప్పారని అడిగాడు. అబద్ధమనలేదు. పిన్నికి అప్పటిదాకా ఎక్కడో ఓ మూల, 'ఇంకో టార్చిలైటువాడెవడో అయ్యుంటాడు, ఊళ్ళో ఒక్కడేనా' అని చిన్న ఆశ ఉండేది. అదీ పోయింది.

"నా చెయ్యి మిషనులో పడిందని దానికి చెప్పింది నువ్వు," అంది. పెళ్ళయినప్పటినుంచీ మీరు, ఏవండీ తప్ప ఎరగని నోరు. "దాన్ని ఇంట్లోంచి పంపింది నువ్వు. మళ్ళీ నా దగ్గరికొచ్చి సినిమాకు వచ్చిందని చెప్పిందీ నువ్వే. నీ మాట నమ్మాను. నమ్మి తోడబుట్టినదాన్ని ఇంట్లోంచి తరిమేశాను. తరిమేసి నిన్ను చేసుకున్నాను."

"గట్టిగా అరవకే. పిల్ల వింటుంది."

"నేను అరవడం లేదు. అరిచే ఓపిక లేదు. ఎందుకు చెప్పావ్?"

ఆయన టార్చి ఆర్పాడు. మళ్ళీ వెలిగించాడు. వేలు దానంతట అదే ఆ బొత్తాం నొక్కుతోంది.

"మీ అమ్మతో ఒక్కసారి ఒంటరిగా మాట్లాడదామనుకున్నాను. మన పెళ్ళి గురించే. మీ చెల్లెలుంటే నన్ను నోరెత్తనిచ్చేదా? ఆ కాసేపు అది ఇంట్లో లేకపోతే చాలనుకున్నాను. అంతే. ఒట్టు. చెడు తలపెట్టలేదే. మాట్లాడదామని వెళ్ళాను, మాట్లాడాను, ఆవిడ పొమ్మంది, వచ్చేశాను."

"ఇంట్లోకి వెళ్ళావా?"

ఆయన మూసిన తలుపువైపు చూశాడు.

"అమ్మ ఉండగా, ఆ రోజు, మా ఇంట్లోకి వెళ్ళావా?"

"వెళ్ళాను."

"పొయ్యిమీద టీ ఎవరికి?"

ఆ టీ గిన్నె పిన్నే తోమింది. పొంగి, చుట్టూ కారి, ఎండిపోయిన గిన్నె. అమ్మ టీ తాగదు. నోట్లో పోసుకుంటే వేడినీళ్ళలా ఉంటుందనేది, వాసన తెలియని మనిషికి అంతే కదా. అందుకే చెల్లెలే తన కోసం పెట్టుకుని, మరిచిపోయి, సినిమాకు పరిగెత్తిందని అందరూ నమ్మారు. తనూ నమ్మింది. ఎంత గిట్టని మనిషైనా గుమ్మంలోకి వస్తే టీ ఇవ్వకుండా పంపని తల్లి అని అప్పుడు గుర్తు రాలేదు. వచ్చినవాణ్ణి పొమ్మన్న కోపంలో పొయ్యిమీది టీ మరిచి పడుకుని ఉంటుంది.

"ఎవరికి పెట్టింది అమ్మ, ఆ టీ?"

ఆయన తల దించుకుని, పడిపోయిన చక్రం కోసం బల్లకింద టార్చి వేశాడు.

పిన్ని కళ్ళలో ఒక్క చుక్క నీరు రాలేదు. ఏడవాలంటే ఎవరిమీదో ఒకరిమీద జాలి ఉండాలి. అమ్మమీద ఏడుద్దామంటే ఆ ఏడుపు ఎప్పుడో చెల్లెలి పేరున ఏడ్చేసింది. చెల్లెలిమీద ఏడ్చే హక్కు తనకు లేదు. ఆ క్షణంలో ఆవిడకు ఒక నీచమైన ఆలోచన వచ్చింది. ఇప్పుడే వంటింట్లోకి వెళ్ళి, 'మాకీ సంబంధం ఇష్టం లేదు, మీ అమ్మను కింద మెట్లదగ్గర్నుంచే తీసుకుపో' అనేస్తే? పిల్ల ఏడుస్తుంది, శాపనార్థాలు పెడుతుంది, పోతుంది. కొడుకు తల్లిని అసహ్యించుకుంటాడు. కారణం మాత్రం ఎవరికీ తెలియదు. పెళ్ళీ ఆగుతుంది, కొంపా మిగులుతుంది. ఇంకోసారి ఆ చెల్లెలి రక్తాన్నే, కారణం చెప్పకుండా, గుమ్మం దాటించడం. ఒకసారి చేసిన పనే. చెయ్యి తిరిగినదే.

ఆ ఆలోచన పూర్తయ్యేలోపే కింద వీధిలో మోటారుసైకిలు ఆగిన చప్పుడైంది. ఆ వెనకే మెట్ల కిందనుంచి కొడుకు గొంతు, సంతోషం పట్టలేక ఇల్లంతా మోగేలా.

"అమ్మా, వచ్చేశాం! అత్తయ్యా, ఆగండాగండి, ఇక్కడ బల్బు మాడిపోయింది. నాన్నా, టార్చి!"

వాచీల ఆయన దిగ్గున లేచాడు. భార్య ఎదురుగా నిలబడటం కంటే చీకటి మెట్లే నయమనిపించినట్టుంది. టార్చి చేతిలోనే ఉంది.

"నువ్వు వెళ్ళకు," అంది పిన్ని. "వినపడుతోందా? నువ్వు మాత్రం వెళ్ళకు."

"నాన్నా!"

"వస్తున్నాన్రా!" అని ఆయన తలుపు తీసేశాడు. వచ్చేది ఎవరో ఆయనకు తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ వెళ్ళకు అన్నదేగాని, వచ్చేదెవరో చెప్పలేదు.

వంటింట్లోంచి అమ్మాయి కేక. "అత్తయ్యా, తేలాయి! అన్నీ తేలాయి! ఒక్కటి కూడా పగల్లేదు, వచ్చి చూడండి!"

పిన్ని వంటింటివైపు వెళ్ళలేదు. గుమ్మం పట్టుకుని మెట్లవైపు చూసింది. మొగుడు వీపు కనిపిస్తోంది. ఆ వీపుకు అవతల, టార్చి వెలుగు గుండ్రంగా ఒక్కో మెట్టుమీద పడుతూ కిందికి దిగుతోంది. ఆ గుండ్రటి వెలుగులోకి ముందుగా రెండు కాళ్ళు వచ్చాయి. దుమ్ము లేదు, తాడూ లేదు. అయినా ఆ కాళ్ళను పిన్ని గుర్తుపట్టింది.

"మెట్టుంది, చూసుకోండి," అన్నాడు ఆయన అలవాటుగా. "మెట్టుంది..."

కాళ్ళు ఆగిపోయాయి.

"ఏమైంది అత్తయ్యా, రండి," అన్నాడు కొడుకు కిందనుంచి.

కాళ్ళు కదల్లేదు. చీకట్లోంచి ఒక గొంతు వచ్చింది. ఏళ్ళు మీదపడి బరువెక్కింది గాని, అదే గొంతు.

"ఆ వెలుగు నా కాళ్ళమీద వద్దు. నీ మొహంమీద వేసుకో. ఎవరో చూస్తాను."